మోడల్ క్లాస్‌లో ఏ లైను ఎక్కడ పెట్టాలి: రొయ్యల గుంటల యాప్‌తో వివరంగా

పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్‌లో మోడల్ (డేటాబేస్‌లోని ఒక టేబుల్ తరఫున పనిచేసే క్లాస్) రాసేటప్పుడు "ఈ లైను ఎక్కడ పెట్టాలి?" అనే డౌటు అందరికీ వస్తుంది. దానికి ముందు ఇంకో రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ లైను ఎన్నిసార్లు నడుస్తుంది? అది నడిచే టైముకి టేబుల్‌లోని రికార్డు మోడల్ చేతికి వచ్చి ఉంటుందా, లేదా? ఈ రెండిటికీ జవాబు తెలిస్తే చోటు దానంతటదే దొరుకుతుంది. లారావెల్ అయినా, కేక్‌పీహెచ్‌పీ అయినా, యీ అయినా, ఫాల్కన్ అయినా అడగాల్సింది ఇదే.

నేను నెల్లూరులో ఉండి చిన్న వ్యాపారాలకి సాఫ్ట్‌వేర్ రాసిస్తుంటాను. రైస్ మిల్లులు, ఫీడ్ డీలర్లు, రొయ్యలు కొనే ఏజెంట్లు. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు కంట్రోలర్లూ రూట్లూ వారంలో పట్టేస్తారు. మోడల్ దగ్గరికి వచ్చేసరికి అంతా తీసుకెళ్లి కన్‌స్ట్రక్టర్‌లో, అంటే ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు దానంతటదే నడిచే మెథడ్‌లో, కుక్కేస్తారు. అందుకే దీన్ని విడిగా, నిదానంగా రాస్తున్నాను. మెథడ్ల పేర్లన్నీ పలికినట్టే రాశాను, ఎడిటర్‌లో మాత్రం వాటి మామూలు స్పెల్లింగే కొట్టండి.

ఉదాహరణకి ఒకే యాప్ తీసుకుందాం. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రైతుల దగ్గర వెనామీ రొయ్యలు కొనే ఏజెంటు కోసం రాసే యాప్. ఇందులో ప్రతి గుంటకీ రైతు పేరు, సీడ్ (రొయ్య పిల్లలు) వేసిన తేదీ, ప్రస్తుత స్థితి ఉంటాయి. పట్టుబడి రోజున కౌంట్, కిలోలు, రేటు ఎక్కుతాయి. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్నది. 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య, మంచి రేటు. 100 కౌంట్ అంటే చిన్నది. సీడ్ వేసి ఎన్ని రోజులైందో దాన్ని డీఓసీ అంటారు. ఏజెంటు పొద్దున్నే ఫోన్ తెరిచి మొదట చూసేది ఆ నంబరే. ఏ గుంట పట్టుబడికి దగ్గర పడిందో దాన్నిబట్టే తెలుస్తుంది.

ముందు లారావెల్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే ఇప్పుడు ఎక్కువమంది రాసేది అందులోనే. 'పాండ్' అనే మోడల్ ఉంది. అందులో డీఓసీ కావాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఏం చేస్తారంటే, పాండ్‌కి సొంత కన్‌స్ట్రక్టర్ రాసి, అందులో సీడ్ తేదీని కార్బన్ అనే తేదీల లైబ్రరీలోని పార్స్‌కి ఇచ్చి, ఈరోజుకీ దానికీ తేడా లెక్కేసి ఒక ప్రాపర్టీలో పెడతారు. చదవడానికి కోడ్ శుభ్రంగా ఉంటుంది. ఎర్రర్ ఏమీ రాదు. స్క్రీన్ చూసి మాత్రం వాళ్ళే వచ్చి అడుగుతారు, "అన్నా, అన్ని గుంటలూ సున్నా రోజులే చూపిస్తున్నాయి, ఏందన్నా ఇది?"

కారణం చూడండి. డేటాబేస్ నుంచి రికార్డు తెచ్చేటప్పుడు ఎలోక్వెంట్ (లారావెల్‌లో మోడల్స్‌ని నడిపే భాగం) ముందు ఖాళీ మోడల్‌ని తయారు చేస్తుంది. అప్పుడే కన్‌స్ట్రక్టర్ నడిచిపోతుంది. ఆ తర్వాతే కాలమ్‌ల విలువలు తెచ్చి అందులో పోస్తుంది. అంటే కన్‌స్ట్రక్టర్ నడిచే క్షణంలో సీడ్ తేదీ ఇంకా నల్. కార్బన్ పార్స్‌కి నల్ ఇస్తే అది గొడవ చేయదు, ఇప్పటి సమయాన్ని ఇస్తుంది. ఇప్పటికీ ఇప్పటికీ తేడా సున్నా. ఎర్రర్ వచ్చి ఆగి ఉంటే ఐదు నిమిషాల్లో దొరికేది. ఇలా తప్పు నంబరు నిశ్శబ్దంగా చూపించే కోడ్ వ్యాపారంలో చాలా ప్రమాదం.

దీన్ని నోటితో చెప్తే నమ్మరు, కళ్ళతో చూడాలి. పాండ్ మోడల్‌లో కన్‌స్ట్రక్టర్ రాసి, మొదటి లైనులో పేరెంట్ కన్‌స్ట్రక్టర్‌కి ఆట్రిబ్యూట్స్ అందించి, తర్వాతి లైనులో లాగర్‌తో 'కన్‌స్ట్రక్ట్' అని, పక్కనే సీడ్ తేదీ విలువ రాయించండి. 'బూటెడ్' అనే స్టాటిక్ మెథడ్‌లో 'బూటెడ్' అని రాయించండి. అదే బూటెడ్ లోపల 'రిట్రీవ్డ్' ఈవెంట్‌కి ఒక క్లోజర్ (పేరు లేని ఫంక్షన్) తగిలించి, అందులోనూ సీడ్ తేదీ రాయించండి. ఇప్పుడు టింకర్ (లారావెల్ కోడ్‌ని కమాండ్ లైనులో నడిపి చూసే సాధనం) తెరిచి మూడు గుంటలు తెమ్మనండి. లాగ్ ఫైల్ తీసి చూస్తే బూటెడ్ ఒక్కసారే ఉంటుంది. రిట్రీవ్డ్ సరిగ్గా మూడుసార్లు, తేదీలతో సహా ఉంటుంది. కన్‌స్ట్రక్ట్ మాత్రం మూడు కంటే ఎక్కువసార్లు కనిపిస్తుంది, ప్రతిసారీ తేదీ ఖాళీ. మూడు రికార్డులకి మూడు కంటే ఎక్కువ ఎందుకు? క్వెరీ కట్టడానికే ఎలోక్వెంట్‌కి ఒక ఖాళీ మోడల్ కావాలి, అలాంటివీ ఆ లెక్కలో పడతాయి. కన్‌స్ట్రక్టర్‌లో ఏదైనా బరువైన పని, ఉదాహరణకి ఇంకో క్వెరీ, పెడితే అది ఎన్నిసార్లు నడుస్తుందో మీ చేతిలో ఉండదు.

నేను నేర్పేటప్పుడు ఈ ప్రయోగం తప్పనిసరి. ఈ లాగ్‌ని ఒకసారి చూసినవాళ్ళు మళ్ళీ కన్‌స్ట్రక్టర్ జోలికి పోరు.

ఇక ఏది ఎక్కడ పెట్టాలో చూద్దాం.

డీఓసీ లాంటి లెక్క ఏ హుక్‌లోనూ (ఫ్రేమ్‌వర్క్ తానే పిలిచే మెథడ్లలో) పెట్టకండి. యాక్సెసర్, అంటే విలువ అడిగినప్పుడు లెక్కేసి ఇచ్చే మెథడ్, రాయండి. అడిగినప్పుడే లెక్క జరుగుతుంది, అడిగే టైముకి రికార్డు ఎలాగూ చేతిలో ఉంటుంది. రిట్రీవ్డ్ ఈవెంట్‌లో లెక్కేసి దాచుకోవచ్చు కదా అంటారు. కొత్త గుంట సృష్టించినప్పుడు ఆ ఈవెంట్ రాదు, కాబట్టి అప్పుడు డీఓసీ ఉండదు. పైగా అవసరం లేని పేజీల్లో కూడా ప్రతి రికార్డుకీ లెక్క నడుస్తుంది. యాక్సెసర్‌లో రెండు జాగ్రత్తలు. సీడ్ తేదీ నల్ అయితే నల్ తిరిగివ్వండి, సున్నా కాదు. సీడ్ వేయని గుంటా, ఈరోజే వేసిన గుంటా ఒకటి కావు. రెండోది, కార్బన్ 3లో రోజుల తేడా ఇచ్చే మెథడ్ దశాంశాలతో వస్తుంది, కాబట్టి రెండు తేదీలనీ రోజు మొదటికి తెచ్చి, వచ్చినదాన్ని ఇంటిజర్‌గా మార్చండి. లేకపోతే గుంట వయసు 62.41 రోజులు అని చూపిస్తుంది.

టైమ్‌జోన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. లారావెల్‌లో డిఫాల్ట్ యూటీసీ. దాన్ని ఆసియా కోల్‌కతాకి మార్చకపోతే మనకి ఉదయం 5:30 దాకా సర్వర్‌కి నిన్నటి తేదీయే. ఆఫీసులో పది గంటలకి టెస్ట్ చేసేవాళ్ళకి ఇది ఎప్పటికీ కనపడదు. గుంట గట్టు మీద తెల్లవారుజామున ఫోన్ చూసేవాళ్ళకి రోజూ కనపడుతుంది.

కొత్త రికార్డుకి మొదటి విలువల సంగతి. గుంట స్థితి మొదట 'పెంపకం' అని ఉండాలనుకోండి. దాన్ని మోడల్‌లోని 'ఆట్రిబ్యూట్స్' అనే ప్రొటెక్టెడ్ అర్రేలో రాయండి. మైగ్రేషన్‌లో (టేబుల్ కాలమ్‌లు తయారుచేసే ఫైల్) డిఫాల్ట్ ఇచ్చాను చాలదా అంటే, సేవ్ వరకు చాలు. కానీ క్రియేట్ చేసిన వెంటనే ఆ ఆబ్జెక్ట్‌ని అడిగితే స్థితి నల్ అనే వస్తుంది, ఎందుకంటే డేటాబేస్ పెట్టిన డిఫాల్ట్‌ని ఎలోక్వెంట్ తిరిగి చదువుకోదు. రిఫ్రెష్ చేయాలి. ఆట్రిబ్యూట్స్‌లో పెట్టుకుంటే ఆ గొడవ లేదు. ఇదే పనిని కన్‌స్ట్రక్టర్‌లో పేరెంట్‌ని పిలిచిన తర్వాత చేస్తే, ఎవరైనా 'పట్టుబడి' అని స్థితి ఇచ్చి కొత్త మోడల్ చేసినా మీ లైను దాన్ని చెరిపేసి 'పెంపకం' చేస్తుంది.

ఆట్రిబ్యూట్స్‌లో ఈరోజు తేదీ పెట్టలేరు. పీహెచ్‌పీలో ప్రాపర్టీ డిఫాల్ట్‌గా స్థిరమైన విలువే ఉండాలి, ఫంక్షన్‌ని పిలవడం కుదరదు. తేదీ, బిల్లు నంబరు లాంటి అప్పటికప్పుడు పుట్టే విలువలకి 'క్రియేటింగ్' ఈవెంట్ ఉంది. బూటెడ్ లోపల దానికి క్లోజర్ రాసి, విలువ ఖాళీగా ఉంటేనే నింపండి. ఒక సంగతి గుర్తుంచుకోండి: క్వెరీ మీద నేరుగా ఇన్సర్ట్ పిలిచి ఒకేసారి వందల రికార్డులు ఎక్కించినా, వేర్ పెట్టి ఒకేసారి అప్‌డేట్ చేసినా ఈ ఈవెంట్లు రావు. ఎక్సెల్ నుంచి పాత పట్టుబడులు ఎక్కించేటప్పుడు బిల్లు నంబర్లు ఖాళీగా ఉండిపోయేది ఇందుకే.

'బూట్', 'బూటెడ్' రెండిట్లో ఏది? బూటెడ్. బూట్‌ని ఓవర్‌రైడ్ చేస్తే పేరెంట్ బూట్‌ని పిలవాలి. మర్చిపోతే మోడల్‌లో వాడిన ట్రైట్‌లు (చాలా క్లాసుల్లో కలుపుకోగల కోడ్ ముక్కలు) బూట్ కావు. బూటెడ్‌లో ఆ బెంగ లేదు.

గ్లోబల్ స్కోప్, అంటే మోడల్ మీద ప్రతి క్వెరీకీ దానంతటదే తగిలే షరతు, పెట్టే చోటు కూడా బూటెడే. ఇక్కడ మాత్రం కొంచెం ఆగి చదవండి, ఎందుకంటే ఇందులో పొరపాటు జరిగితే ఒకరి లెక్కలు ఇంకొకరికి కనిపిస్తాయి. మన యాప్‌ని ఇద్దరు ముగ్గురు ఏజెంట్లు వాడుతున్నారు, ఎవరి గుంటలు వాళ్ళకే కనపడాలి. బూటెడ్‌లో లాగిన్ అయినవారి ఐడీ తీసుకుని ఒక వేరియబుల్‌లో పెట్టి, తర్వాత స్కోప్ క్లోజర్‌కి ఆ వేరియబుల్‌ని అందిస్తారు కొందరు. మామూలు హోస్టింగ్‌లో, ప్రతి రిక్వెస్ట్‌కీ పీహెచ్‌పీ కొత్తగా మొదలవుతుంది కాబట్టి ఇది చాలావరకు నడిచిపోతుంది. ఆక్టేన్ (లారావెల్ యాప్‌ని మెమరీలోనే ఉంచి వేగంగా నడిపే సాధనం) పెట్టిన రోజున కథ మారుతుంది. అక్కడ ఒకే ప్రాసెస్ బతికే ఉండి చాలా రిక్వెస్టులు చూస్తుంది, బూటెడ్ మాత్రం ఆ ప్రాసెస్‌లో ఒక్కసారే నడుస్తుంది. మొదట లాగిన్ అయిన ఏజెంటు ఐడీ ఆ క్లోజర్‌లో ఇరుక్కుపోతుంది. తర్వాత వచ్చిన ఏజెంటుకి పక్కవాళ్ళ రైతులు, వాళ్ళ రేట్లు కనిపిస్తాయి. మన వైపు కొనుగోలు వ్యాపారంలో రేటు బయటపడటం అంటే ఎంత గొడవో చెప్పక్కర్లేదు. కాబట్టి ఐడీని అడిగే లైను క్లోజర్ లోపలే ఉండాలి. అప్పుడు ప్రతి క్వెరీకీ ఆ క్షణంలో ఎవరు లాగిన్ అయి ఉన్నారో చూస్తుంది. ఇంకో మాట, యూజర్ మోడల్ మీదే ఇలాంటి స్కోప్ పెట్టి అందులో లాగిన్ అయిన యూజర్‌ని అడగకండి. యూజర్‌ని తేవడానికి క్వెరీ, క్వెరీకి స్కోప్, స్కోప్‌కి మళ్ళీ యూజర్, ఇలా తిరుగుతూనే ఉంటుంది.

నాలుగైదు మోడల్స్‌కి ఇదే స్కోప్ కావాలంటే ట్రైట్ చేయండి. ట్రైట్ లోపల 'బూట్' అన్న పదం పక్కనే ట్రైట్ పేరు అతికించి స్టాటిక్ మెథడ్ రాస్తే అది క్లాస్‌కి ఒక్కసారి నడుస్తుంది. 'ఇనిషియలైజ్' పక్కన ట్రైట్ పేరు అతికించి మామూలు మెథడ్ రాస్తే ప్రతి ఆబ్జెక్ట్‌కీ నడుస్తుంది. ఈ రెండిటి తేడా అర్థం కావాలంటే వెండర్ ఫోల్డర్‌లో సాఫ్ట్‌డిలీట్స్ ట్రైట్ తెరవండి. స్కోప్ తగిలించే పని బూట్ మెథడ్‌లో ఉంటుంది, డిలీట్ తేదీ కాలమ్‌కి క్యాస్ట్ పెట్టే పని ఇనిషియలైజ్ మెథడ్‌లో ఉంటుంది. క్లాస్ మొత్తానికి సంబంధించింది అక్కడ, ఆబ్జెక్ట్‌కి సంబంధించింది ఇక్కడ. చిన్న ఫైలే, చదవడానికి బద్ధకించకండి.

ఇంత చెప్పినా కన్‌స్ట్రక్టర్ రాసే తీరాలి అనుకుంటే, రెండు షరతులు. ఒకటి, ఆట్రిబ్యూట్స్ అర్రేని తీసుకోవాలి, దానికి ఖాళీ అర్రే డిఫాల్ట్ ఉండాలి, దాన్ని పేరెంట్‌కి అందించాలి. పీహెచ్‌పీలో పిల్ల క్లాస్ కన్‌స్ట్రక్టర్ రాస్తే తల్లి క్లాస్‌ది దానంతటది నడవదు. పిలవకపోతే 'న్యూ' అని కొత్త మోడల్ చేసేటప్పుడు ఇచ్చిన విలువలన్నీ గాలికి పోతాయి, సేవ్ అంటే ఖాళీ రికార్డు సేవ్ చేయబోతుంది, మైఎస్‌క్యూఎల్ 1364 నంబరు ఎర్రర్‌తో 'ఫలానా ఫీల్డుకి డిఫాల్ట్ విలువ లేదు' అంటుంది. అది చూసి అందరూ మైగ్రేషన్ ఫైల్‌లో వెతుకుతారు, తప్పు అక్కడ ఉండదు. రెండు, కన్‌స్ట్రక్టర్‌కి వేరే తప్పనిసరి పారామీటర్లు పెట్టకూడదు. ఫ్రేమ్‌వర్క్ దాన్ని తన పద్ధతిలోనే పిలుస్తుంది. రేటు లెక్కించే సర్వీస్ కావాలంటే దాన్ని మోడల్‌లోకి ఎక్కించకుండా, లెక్క చేసే మెథడ్‌కి అందించండి.

కాలమ్ పేర్లని పబ్లిక్ ప్రాపర్టీలుగా రాయడం ఇంకో తలనొప్పి. పీహెచ్‌పీ 8.2 నుంచి ముందుగా డిక్లేర్ చేయని ప్రాపర్టీలు వాడితే డెప్రికేటెడ్ అని వస్తోంది కదా, అది చూసి భయపడి ఎలోక్వెంట్ మోడల్‌లో కూడా కౌంట్, రేటు అన్నీ పబ్లిక్‌గా డిక్లేర్ చేస్తున్నారు. అలా చేస్తే ఎలోక్వెంట్ మ్యాజిక్ మెథడ్లకి పని పోతుంది. డేటాబేస్‌లో కౌంట్ 40 ఉన్నా మీరు అడిగితే నల్, మీరు మార్చి సేవ్ చేసినా డేటాబేస్‌కి వెళ్ళదు. ఆ హెచ్చరిక ఎలోక్వెంట్ కాలమ్‌లకి వర్తించదు, వదిలేయండి.

లారావెల్ అర్థమైతే మిగతావి తొందరగా చెప్పుకోవచ్చు.

ఫాల్కన్‌లో ఈ తేడా పేర్లలోనే స్పష్టంగా ఉంది. 'ఇనిషియలైజ్' ఒక రిక్వెస్ట్‌లో ఆ మోడల్‌కి ఒక్కసారే నడుస్తుంది. టేబుల్ పేరు, హ్యాజ్‌మెనీ, బిలాంగ్స్‌టు సంబంధాలు అక్కడ రాయాలి. ప్రతి ఆబ్జెక్ట్‌కీ జరగాల్సింది 'ఆన్‌కన్‌స్ట్రక్ట్'లో. రికార్డు వచ్చాక చేయాల్సింది 'ఆఫ్టర్‌ఫెచ్'లో.

యీ 2లో 'ఇనిట్' ప్రతి ఆబ్జెక్ట్‌కీ నడుస్తుంది, కానీ రికార్డు రాకముందే. డేటా కావాలంటే 'ఆఫ్టర్‌ఫైండ్'. రెండిట్లోనూ పేరెంట్‌ని పిలవడం మరవకండి, లేకపోతే ఆ ఈవెంట్ల మీద ఆధారపడిన బిహేవియర్లు (మోడల్‌కి తగిలించే అదనపు కోడ్) పనిచేయవు.

కేక్‌పీహెచ్‌పీలో టేబుల్ క్లాస్ వేరు, ఒక్కో రికార్డుని పట్టుకునే ఎంటిటీ వేరు. టేబుల్ క్లాస్‌లోని 'ఇనిషియలైజ్'లో సంబంధాలు, బిహేవియర్లు పెడతాం. ఇక్కడ అసలు సమస్య ఆ మెథడ్‌లో ఏం రాశారన్నది కాదు, అది నడిచిందా లేదా అన్నది. క్లాస్ పేరు 'పాండ్స్‌టేబుల్' అని బహువచనంలో ఉండాలి. 'పాండ్‌టేబుల్' అని రాశారనుకోండి, కేక్ మీ క్లాస్‌ని వెతికి, దొరక్కపోతే ఊరుకోదు, ఒక మామూలు టేబుల్ ఆబ్జెక్ట్‌ని చేసి ఇచ్చేస్తుంది. ఫైండ్ పనిచేస్తుంది, సేవ్ పనిచేస్తుంది. టైమ్‌స్టాంప్‌లు మాత్రం నిండవు, పట్టుబడులతో కలిపి అడిగితే సంబంధం లేదంటుంది. ఇలా విచిత్రంగా ఉంటే ముందు ఆ టేబుల్ ఆబ్జెక్ట్ క్లాస్ పేరు ప్రింట్ చేసి చూడండి. మీ క్లాస్ పేరు కాకుండా ఉత్త టేబుల్ అని వస్తే దొంగ దొరికినట్టే. కొత్త వెర్షన్లలో టేబుల్ లొకేటర్‌కి ఫాల్‌బ్యాక్ క్లాస్ వద్దని చెప్పే సెట్టింగ్ ఉంది. కొత్త ప్రాజెక్టులో మొదటి రోజే దాన్ని పెట్టేయండి, క్లాస్ దొరక్కపోతే ఎర్రర్ ఇస్తుంది.

కోడ్‌ఇగ్నైటర్ 4లో కూడా మోడల్ అంటే టేబుల్‌కి ప్రతినిధి. కన్‌స్ట్రక్టర్ చివర్లో అది 'ఇనిషియలైజ్'ని పిలుస్తుంది, మీ అదనపు అమరికలు అందులో రాస్తే కన్‌స్ట్రక్టర్ పారామీటర్లు మళ్ళీ రాసే పని తప్పుతుంది. డీఓసీ లాంటివి ఎంటిటీలో పెట్టండి. 'మోడల్' హెల్పర్ ఫంక్షన్ మామూలుగా ఒకే ఆబ్జెక్ట్‌ని అందరికీ పంచుతుంది. అందుకే ఒకచోట వేర్ షరతు పెట్టి క్వెరీ నడపకుండా వదిలేస్తే, ఇంకోచోట అదే మోడల్‌ని అడిగినప్పుడు ఆ షరతు అంటుకుని వస్తుంది. అలాంటి చోట రెండో ఆర్గ్యుమెంట్ ఫాల్స్ ఇచ్చి కొత్తది తీసుకోండి.

కోడ్‌ఇగ్నైటర్ 3 మీద నడిచే పాత సాఫ్ట్‌వేర్లు మన జిల్లాలో ఇంకా చాలానే కనిపిస్తాయి. అక్కడ మోడల్ ఫైల్ పేరు పెద్ద అక్షరంతో మొదలవ్వాలి. విండోస్‌లో జాంప్ (సొంత కంప్యూటర్‌లో పీహెచ్‌పీ నడిపే ప్యాకేజీ) మీద చిన్న అక్షరంతో ఉన్నా నడుస్తుంది, లైనక్స్ సర్వర్‌కి ఎక్కించగానే మోడల్ దొరకలేదంటుంది. కంపోజర్ ఆటోలోడ్ వాడే కొత్త ఫ్రేమ్‌వర్క్‌లకీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

డాక్ట్రిన్ (ఇంకో పీహెచ్‌పీ డేటాబేస్ లైబ్రరీ) వాడేవాళ్ళకి లెక్క తిరగబడుతుంది. డేటాబేస్ నుంచి ఎంటిటీని తెచ్చేటప్పుడు డాక్ట్రిన్ కన్‌స్ట్రక్టర్‌ని అసలు పిలవదు. మీరు 'న్యూ' అన్నప్పుడే అది నడుస్తుంది. కాబట్టి కొత్త గుంటకి తప్పనిసరి వివరాలు అడగడానికి, ఖాళీ కలెక్షన్లు పెట్టడానికి అక్కడ కన్‌స్ట్రక్టరే సరైన చోటు. ఏ ఫ్రేమ్‌వర్కూ లేకుండా పీడీఓతో (పీహెచ్‌పీ డేటాబేస్ ఎక్స్‌టెన్షన్) సొంతంగా మోడల్ రాసుకుంటే, ఫెచ్ క్లాస్ మోడ్‌లో విలువలు ముందు వచ్చి కన్‌స్ట్రక్టర్ తర్వాత నడుస్తుంది. ప్రాప్స్ లేట్ అనే ఫ్లాగ్ కలిపితే కన్‌స్ట్రక్టర్ ముందు నడుస్తుంది.

ఇప్పటికే నడుస్తున్న లారావెల్ ప్రాజెక్టుని సరిచేయాలంటే, మోడల్స్ ఫోల్డర్‌లో కన్‌స్ట్రక్ట్ అన్న పదం వెతకండి. దొరికిన ప్రతిదాంట్లో లైను లైనుకీ మొదటి రెండు ప్రశ్నలు వేయండి. స్థిరమైన విలువలు ఆట్రిబ్యూట్స్‌లోకి, అప్పటికప్పుడు పుట్టేవి క్రియేటింగ్‌లోకి, లెక్కలు యాక్సెసర్‌లోకి, స్కోప్‌లు బూటెడ్‌లోకి పంపండి. ఒక్కో మోడల్ మార్చి, ఒక కొత్త రికార్డు సృష్టించి, ఒక పాతది తెచ్చి, రెండిట్లోనూ విలువలు చూసుకున్నాకే తర్వాతి మోడల్ పట్టుకోండి. సర్వర్‌కి ఎక్కించాక క్యూ వర్కర్లని (వెనక పనులు చేసే ప్రాసెస్‌లు) రీస్టార్ట్ చేయండి, ఆక్టేన్ ఉంటే దాన్ని రీలోడ్ చేయండి. వాటి మెమరీలో పాత క్లాసులే ఉంటాయి కాబట్టి, అప్పటిదాకా పాత బూటెడ్‌తోనే నడుస్తుంటాయి.